జీర్ణకోశ కణితులు: రోగుల మనుగడను నిర్ణయించే అంశాలు

అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు, మలాశయం, మలద్వారం వరుసగా సాగే ఆహారమార్గంలోనూ, దాన్ని ఆనుకుని పనిచేసే కాలేయం, పిత్తాశయం, క్లోమాల్లోనూ పుట్టే కణితులను జీర్ణకోశ కణితులంటారు. వీటిలో కొన్ని ప్రాణాపాయం లేని గడ్డలు. మిగిలినవి క్యాన్సర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022కి వేసిన అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు 19 లక్షల మందికి, జీర్ణాశయ క్యాన్సర్ 9.7 లక్షల మందికి, కాలేయ క్యాన్సర్ 8.7 లక్షల మందికి కొత్తగా వచ్చాయి. అన్నవాహిక, క్లోమ క్యాన్సర్లు ఒక్కొక్కటి 5 లక్షలు దాటాయి. ఇవన్నీ కలిసి తీసుకున్న ప్రాణాలు దాదాపు 32 లక్షలు. అంటే క్యాన్సర్‌తో పోయిన ప్రతి ముగ్గురిలో ఒకరు జీర్ణకోశ క్యాన్సర్‌తోనే పోయారు.

రోగ నిర్ధారణ జరిగిన రోజున ఏ కుటుంబమైనా డాక్టర్ని అడిగేది ఒకటే: ఎన్నాళ్లు బతుకుతారు? ఒకే పేరున్న జబ్బుతో ఒకరు ఆరు నెలల్లో కన్నుమూస్తే, మరొకరు ఇరవై ఏళ్లు హాయిగా తిరుగుతుంటారు. దీన్ని తలరాత అని సరిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. కణితి స్వభావం, అది బయటపడిన సమయం, ఆపరేషన్ నాణ్యత, మందుల వరుస, రోగి ఒంట్లోని సత్తువ, ఇంటి ఆర్థిక స్థితి ఇవన్నీ కలిసి ఆ తేడాను తెస్తాయి. వీటిలో కొన్ని మన చేతిలో లేనివి. కానీ మార్చగలిగినవి చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ.

కత్తి ఒక్కటే చాలదని తెలిసిన రోజు

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జన్ 43 ఏళ్ల మహిళకు జీర్ణాశయంలో క్యాన్సర్ ఉన్న భాగాన్ని కోసి తీసి, మిగిలిన భాగాన్ని పేగుకు కలిపి కుట్టాడు. అలాంటి ఆపరేషన్ తర్వాత రోగి బతికి బయటపడటం అదే మొదటిసారి. ఆమె లేచి కూర్చుంది, అన్నపానాలు తీసుకుంది. నాలుగు నెలలు తిరక్కముందే క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయింది. ఆపరేషన్ గెలిచింది, జబ్బు మాత్రం అప్పటికే కాలేయానికి చేరింది. ఏ రోగికి ఎంత ఆయుష్షు మిగిలిందో ముందే పసిగట్టే మార్గాల కోసం వెతుకులాట ఆ తరం నుంచే ఊపందుకుంది.

దశ: అన్నిటికన్నా బరువైన అంశం

లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రిలో పనిచేసిన కుత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో మలాశయ క్యాన్సర్లను మూడు తరగతులుగా విడగొట్టాడు. కణితి పేగు గోడలోనే ఉంటే ఏ, గోడ దాటితే బీ, లింఫు గ్రంథులకు పాకితే సీ. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ డెన్వా 1940లలో రూపొందించిన టీఎన్ఎం పద్ధతి ఆ తర్వాత ప్రపంచమంతటా స్థిరపడింది. కణితి ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫు గ్రంథుల్లో చేరింది, దూరపు అవయవాలకు పాకిందా అన్న మూడు విషయాల మీద అది నిలబడింది. నేటికీ రోగి రిపోర్టులో కనిపించే ఒకటి నుంచి నాలుగు స్టేజీలు దాని నుంచి వచ్చినవే.

అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలు చూస్తే దశ బరువెంతో అర్థమవుతుంది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ పుట్టిన చోటే ఉండగా బయటపడితే ఐదేళ్ల మనుగడ 90 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పక్కనున్న గ్రంథులకు చేరితే 70 శాతానికి కొంచెం పైన నిలుస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకితే 15 శాతం చుట్టూ పడిపోతుంది. జీర్ణాశయంలో ఈ జారుడు ఇంకా నిటారుగా ఉంటుంది. జబ్బు లోపలి పొరలకే పరిమితమైన తొలిదశలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఐదేళ్లు దాటుతారు. పొట్ట లోపలి పొర అంతటా విత్తనాల్లా చల్లుకున్నాక ఆశ నెలల్లోకి కుదించుకుపోతుంది.

దశను సరిగ్గా కొలవడం కూడా ఒక అంశమే. పెద్దపేగు ఆపరేషన్‌లో తీసిన ముక్కలో కనీసం 12 లింఫు గ్రంథులను పాథాలజిస్టు వెతికి చూడాలన్నది ప్రమాణం. ఐదారు గ్రంథులే చూసి జబ్బు లేదని రాస్తే, మూడో దశ రోగి కాగితం మీద రెండో దశ రోగి అవుతాడు. అవసరమైన కీమో అందకుండా పోతుంది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న డాక్టరు ఓపిక మీద రోగి ప్రాణం ఆధారపడుతుందన్న సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు.

ఐదేళ్ల లెక్కను ఎలా చదవాలి

ఐదేళ్ల మనుగడ శాతం అంటే వందమంది రోగుల్లో రోగ నిర్ధారణ తర్వాత ఐదేళ్లకు బతికి ఉన్నవారి వాటా. అది ఒక గుంపు గురించి చెప్పే సంఖ్య, ఎదుట కూర్చున్న మనిషి జాతకం కాదు. పైగా ఆ గుంపు చికిత్స పొందింది కొన్నేళ్ల కిందట. ఆ తర్వాత వచ్చిన మందుల ఫలితం అందులో ఉండదు.

ఇంకో మెలిక కూడా ఉంది. జబ్బును రెండేళ్లు ముందుగా కనిపెట్టి, మరణం మాత్రం అదే తేదీన వస్తే, ప్రాణం నిలవకపోయినా మనుగడ రెండేళ్లు పెరిగినట్టు లెక్క చూపిస్తుంది. అందుకే ముందస్తు పరీక్షల విలువను తేల్చడానికి నిపుణులు మరణాల సంఖ్యనే నమ్ముతారు. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏటా మలంలో కంటికి కనిపించని రక్తం కోసం పరీక్ష చేయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల నిజంగా నిలిచిన ప్రాణాలది.

ఏ అవయవం, ఏ కణం

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల్లో అన్ని దశలూ కలిపి అమెరికాలో ఐదేళ్ల మనుగడ 65 శాతం చుట్టూ ఉండగా, అన్నవాహికలో అది 20 శాతానికి కాస్త పైన, క్లోమంలో 13 శాతం దగ్గర ఉంది. క్లోమం కడుపు వెనుక లోతుగా దాక్కుని ఉంటుంది. దాని తలభాగంలో పెరిగిన గడ్డ పిత్తనాళాన్ని నొక్కేదాకా, అంటే కామెర్లు కనిపించేదాకా, చాలామందికి ఏ సూచనా తెలియదు. అన్నవాహిక సాగే గుణం ఉన్న గొట్టం. దారి సగానికి పైగా మూసుకుపోతే తప్ప ముద్ద అడ్డం పడదు.

అవయవం ఒకటే అయినా కణం మారితే కథ మారుతుంది. యాపిల్ సంస్థ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమంలో బయటపడింది సాధారణ క్లోమ క్యాన్సర్ కాదు, హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టిన న్యూరోఎండోక్రైన్ కణితి. ఆయన వెంటనే ఆపరేషన్ చేయించుకోకుండా దాదాపు తొమ్మిది నెలలు ఆహార నియమాలు, ప్రత్యామ్నాయ వైద్యాలతో గడిపాడు. 2004లో ఆపరేషన్, 2009లో కాలేయ మార్పిడి జరిగాయి. 2011 అక్టోబరులో మరణించాడు. ఎనిమిదేళ్ల ఆ గడువు సాధారణ క్లోమ క్యాన్సర్ రోగుల్లో చాలా కొద్దిమందికే దక్కుతుంది. న్యూరోఎండోక్రైన్ కణితుల్లో కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 అనే సూచికే ఆయుష్షుకు ప్రధాన కొలమానం.

జిస్ట్ అనే కణితి చరిత్ర మరింత ఉత్తేజం కలిగిస్తుంది. జీర్ణాశయం, పేగుల గోడల్లో పుట్టే ఈ కణితికి మామూలు కీమో పనిచేయదు. వ్యాపించిన దశలో రోగులు ఏడాదిన్నర బతకడమే గొప్పగా ఉండేది. 1998లో జపాన్ పరిశోధకుడు హిరోటా బృందం దీని వెనుక కిట్ అనే జన్యువులో మార్పు ఉందని చూపింది. 2000లో ఫిన్లాండ్‌లో ఒక రోగికి ఇమాటినిబ్ మాత్ర మొదలుపెట్టారు. గడ్డలు కరగడం మొదలైంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో వ్యాపించిన జిస్ట్ రోగుల సగటు మనుగడ ఐదేళ్ల దరిదాపులకు చేరింది. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్నవారు ఆ మాత్రను ఏడాదికి బదులు మూడేళ్లు వాడితే ఐదేళ్ల మనుగడ 82 నుంచి 92 శాతానికి పెరిగిందని 2012 నాటి అధ్యయనం తేల్చింది.

మాత్ర ఉంటే సరిపోదు, కొనగలగాలి. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో ఇమాటినిబ్ జెనరిక్‌ను తెచ్చింది. అసలు మందు నెలకు లక్ష రూపాయలు దాటే రోజుల్లో జెనరిక్ అందులో పదోవంతుకే దొరికింది. అసలు మందు తయారీదారు నోవార్టిస్ పేటెంటు కోసం చేసిన పోరాటాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఎన్నో పేద కుటుంబాలకు ఈ మందు ఏళ్ల తరబడి వాడగలిగేంత ధరలో నిలబడటానికి ఆ తీర్పు కారణమైంది.

జన్యువులు చెప్పే జోస్యం

2000 తర్వాత బయాప్సీ ముక్కకు పనిభారం పెరిగింది. క్యాన్సర్ ఉందా లేదా అని చెప్పడంతో పాటు ఏ మందుకు లొంగుతుందో కూడా అదే చెప్పాల్సి వస్తోంది. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే యంత్రాంగం పాడైన కణితులను ఎంఎస్ఐ-హై కణితులంటారు. పెద్దపేగులో తొలిదశల్లో ఇవి తక్కువగా తిరగబెడతాయి. వ్యాపించిన దశలో మామూలు కీమోకు అంతగా లొంగవు, రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే ఇమ్యునోథెరపీకి మాత్రం అద్భుతంగా స్పందిస్తాయి. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ డాక్టర్లు ఇలాంటి మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ అనే మందు ఇచ్చారు. పన్నెండు మందిలోనూ కణితి కనిపించకుండా పోయింది. ఆ దశలో ఎవరికీ ఆపరేషన్, రేడియేషన్ అవసరం కాలేదు.

ఈ లోపం వంశపారంపర్యంగా వస్తే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. ఒక ఇంట్లో రెండు మూడు తరాల్లో చిన్న వయసులోనే పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటే, మిగిలిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు జన్యు పరీక్ష, క్రమం తప్పని కొలొనోస్కోపీ చేయించుకోవడం ప్రాణరక్షణే.

అన్ని జన్యు మార్పులూ ఇంత శుభసూచకాలు కావు. పెద్దపేగులో బీరాఫ్ వీ600ఈ మార్పు ఉంటే జబ్బు దూకుడుగా సాగుతుంది. రాస్ జన్యువులో మార్పు ఉంటే సెటుక్సిమాబ్ వంటి మందులు పనిచేయవు. వ్యాపించిన దశలో కుడివైపు పెద్దపేగులో పుట్టిన కణితులకన్నా ఎడమవైపువి మెరుగైన ఫలితాలు చూపుతాయి. జీర్ణాశయ క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ జోడిస్తే సగటు మనుగడ 11.1 నుంచి 13.8 నెలలకు పెరిగిందని 2010లో తేలింది. అంకె చిన్నదే. ఆ తర్వాత వచ్చిన మరెన్నో మందులకు బాట వేసింది అదే.

సర్జన్ చేయి, ఆస్పత్రి అనుభవం

1980ల ముందు మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అదే చోట జబ్బు మళ్లీ మొలవడం మామూలుగా ఉండేది. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ పట్టణ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ఒక సూక్ష్మాన్ని వివరించాడు. మలాశయం చుట్టూ ఉండే కొవ్వు సంచిని చిరగకుండా, దాని పొర వెంబడి జాగ్రత్తగా మొత్తం తీయాలి. స్వీడన్, నార్వే దేశాలు తమ సర్జన్లకు ఈ పద్ధతిలో శిక్షణ ఇప్పించాయి. కొత్త మందు ఏదీ లేకుండానే అక్కడ జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది.

జీర్ణాశయం విషయంలో జపాన్ సర్జన్లు చుట్టుపక్కల లింఫు గ్రంథులను కూడా విస్తృతంగా తీసేవారు. దీన్ని డీ2 ఆపరేషన్ అంటారు. నెదర్లాండ్స్‌లో దీన్ని పరీక్షించినప్పుడు తొలి రోజుల్లో ఫలితం బెడిసికొట్టింది. ఆపరేషన్ తర్వాతి మరణాలు 4 శాతానికి బదులు 10 శాతమయ్యాయి. పదిహేనేళ్ల తర్వాత 2010లో తిరిగి లెక్కేస్తే, డీ2 చేయించుకున్నవారిలో జీర్ణాశయ క్యాన్సర్ మరణాలు 37 శాతం, మామూలు ఆపరేషన్ వారిలో 48 శాతం. పద్ధతి మంచిదే, చేసే చేతికి అలవాటు ఉండాలి.

ఆ అలవాటు విలువను 2002లో జాన్ బిర్క్‌మేయర్ బృందం అమెరికాలో అంకెల్లో పట్టుకుంది. క్లోమం ఆపరేషన్లు అరుదుగా చేసే ఆస్పత్రుల్లో మరణాలు 16.3 శాతం ఉంటే, విరివిగా చేసే చోట 3.8 శాతమే. అన్నవాహిక ఆపరేషన్లలో ఈ తేడా 20.3 నుంచి 8.4 శాతం. ఆ తర్వాత పలు ఐరోపా దేశాలు ఇలాంటి పెద్ద ఆపరేషన్లను కొద్ది కేంద్రాలకే పరిమితం చేశాయి. మన దగ్గరి రోగి కుటుంబానికి కూడా ఇందులో పనికొచ్చే ప్రశ్న ఉంది: ఈ ఆపరేషన్ ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు?

మందుల వరుస

ఆపరేషన్ చేసి ఆ తర్వాత కీమో ఇవ్వడం పాత వరుస. అన్నవాహిక, జీర్ణాశయం, మలాశయాల్లో ముందు మందులిచ్చి కణితిని కుదించి, కంటికి కనిపించని కణాలను అణచి, ఆపై ఆపరేషన్ చేయడం ఇప్పటి తీరు. 2012లో వెలువడిన డచ్ అధ్యయనం క్రాస్‌లో, ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చిన అన్నవాహిక రోగుల సగటు మనుగడ 49 నెలలు, ఆపరేషన్ ఒక్కటే జరిగినవారిలో 24 నెలలు. జర్మనీలో జీర్ణాశయ రోగులకు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇచ్చిన ఫ్లాట్ అనే నాలుగు మందుల కలయిక పాత కలయికతో పోలిస్తే సగటు మనుగడను 35 నుంచి 50 నెలలకు పెంచిందని 2019లో తేలింది. క్లోమంలో ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఫోల్ఫిరినాక్స్ అనే మందుల కలయిక సగటు మనుగడను 35 నుంచి 54 నెలలకు చేర్చింది. ఇవి సర్జన్, మెడికల్ ఆంకాలజిస్ట్, రేడియేషన్ నిపుణుడు, పాథాలజిస్ట్ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ముందే ప్రణాళిక వేసినప్పుడు దక్కే ఫలితాలు. తొందరపడి ముందే కడుపు కోసేస్తే ఆ వరుస మళ్లీ దక్కదు.

ఒంట్లో సత్తువ, ఇంట్లో మనుషులు

జీర్ణకోశ క్యాన్సర్ తిండిని దెబ్బతీసే జబ్బు. ముద్ద దిగదు, ఆకలి చస్తుంది, తిన్నది ఒంటబట్టదు. చికిత్స మొదలుకాకముందే బరువు బాగా తగ్గినవారు, రక్తంలో ఆల్బుమిన్ పడిపోయినవారు, కండ కరిగినవారు కీమోను తట్టుకోలేరు, ఆపరేషన్ తర్వాత కుట్లు మానడం కష్టమవుతుంది, మనుగడ తగ్గుతుంది. రోగి రోజులో ఎంతసేపు మంచం దిగి తన పనులు తాను చేసుకుంటున్నాడో చూసి డాక్టర్లు సున్నా నుంచి నాలుగు దాకా ఒక స్కోరు వేస్తారు. చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలన్నది వయసుకన్నా ఆ స్కోరే ఎక్కువగా తేలుస్తుంది. డెబ్బై అయిదేళ్ల చురుకైన రైతు, యాభై ఏళ్ల మంచం పట్టిన మనిషికన్నా మెరుగ్గా తట్టుకోవచ్చు.

క్యాన్సర్ అనగానే పథ్యం పేరుతో గుడ్డు, మాంసం, పాలు, పెరుగు మాన్పించే ఇళ్లు ఎన్నో. రోగికి అప్పుడే మాంసకృత్తులు ఎక్కువ కావాలి. నోటితో కుదరకపోతే ముక్కు గొట్టం ద్వారానో, పేగులోకి అమర్చిన గొట్టం ద్వారానో ఆహారం ఇవ్వవచ్చు. పుదుచ్చేరి జిప్మెర్ డాక్టర్లు జీర్ణాశయం, క్లోమం, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. తక్కువ మోతాదు ఒలాంజపిన్ మాత్ర తీసుకున్నవారిలో 60 శాతం మందికి బరువు 5 శాతానికి మించి పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 9 శాతమే. అది చవకైన పాత మందు.

పోషణతో పాటు మనసును కూడా పట్టించుకుంటే ఆయుష్షు పెరుగుతుందా? బీజింగ్‌లో వ్యాపించిన అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్ ఉన్న 328 మంది మీద దీన్ని పరీక్షించారు. కీమోతో పాటు మొదటి నుంచే పోషకాహార నిపుణుడు, మానసిక నిపుణుడు తోడున్నవారి సగటు మనుగడ 14.8 నెలలు, లేనివారిది 11.9 నెలలు. అమెరికాలో ఏడు లక్షలకు పైగా రోగుల వివరాలు పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, జీవిత భాగస్వామి ఉన్నవారు క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 20 శాతం తక్కువగా తేలింది. వేళకు ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి, మందు మరిచిపోనివ్వని మనిషి ఇంట్లో ఉండటం అందుకు ఒక కారణం కావచ్చు.

ఆలస్యం ధర

దక్షిణ కొరియా 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల పథకం మొదలుపెట్టి, నలభై దాటినవారికి రెండేళ్లకోసారి జీర్ణాశయ పరీక్ష అందిస్తోంది. 2018లో వెలువడిన అంతర్జాతీయ పోలిక ప్రకారం జీర్ణాశయ క్యాన్సర్‌లో ఐదేళ్ల మనుగడ కొరియాలో 69 శాతం, జపాన్‌లో 60 శాతం. చాలా దేశాల్లో అది 20 నుంచి 40 మధ్యే ఉంది. ఈ తేడాలో పెద్ద వాటా జబ్బును మొగ్గలోనే పట్టుకోవడానిది.

తెలుగు రాష్ట్రాల్లో అలాంటి జీర్ణాశయ పరీక్షల పథకం లేదు. కాబట్టి లక్షణాలను గుర్తించడమే తొలి కాపు. మలంలో రక్తం పడితే మొలలనుకుంటారు, కడుపులో మంట అయితే గ్యాస్ మాత్రలతో నెలలు గడుపుతారు, కామెర్లు కనిపిస్తే పసరు మందుకు పరుగెడతారు. నొప్పి లేకుండా వచ్చే కామెర్లు, నలభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, అకారణంగా తగ్గే బరువు, రక్తహీనత, మారిన మలవిసర్జన అలవాటు ఉంటే ఎండోస్కోపీయో స్కానింగో కొలొనోస్కోపీయో ఆలస్యం లేకుండా జరగాలి. పేగు పూర్తిగా మూసుకుపోయి అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఆపరేషన్ అయినవారి మనుగడ, ప్రణాళిక ప్రకారం చేయించుకున్నవారి కంటే తక్కువ. పలు క్యాన్సర్లను పరిశీలించిన 2020 నాటి సమీక్షలో, ఆపరేషన్ నాలుగు వారాలు వాయిదా పడినప్పుడల్లా మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతోందని తేలింది.

ఆలస్యానికి తరచుగా డబ్బే కారణం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్లను పేద కుటుంబాలకు ఉచిత చికిత్సల జాబితాలోకి తెచ్చింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ ప్రాంతపు రోగులకు పెద్ద ఆసరా. అయినా చార్జీలు, వసతి, కూలి నష్టం భరించలేక కీమో మధ్యలో ఆపేసేవారు ఉంటారు. సగంలో ఆగిన చికిత్సతో అధ్యయనాల్లోని ఫలితాలు రావు.

చికిత్స తర్వాత

ఆపరేషన్, కీమో ముగిశాక రోగి చేయగలిగిందేమీ లేదన్న అభిప్రాయం తప్పని 2025లో రెండు అధ్యయనాలు రుజువు చేశాయి. కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులతో జరిగిన ఛాలెంజ్ అధ్యయనంలో, శిక్షకుల పర్యవేక్షణలో మూడేళ్లు వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ల మనుగడ 90 శాతం, ఆరోగ్య పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83 శాతం. వేగంగా నడవడం కూడా ఆ వ్యాయామంలో భాగమే. స్వీడన్ నాయకత్వంలో జరిగిన మరో అధ్యయనంలో, పీఐకే3 మార్గంలో జన్యు మార్పులున్న పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగులకు రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం సగానికి తగ్గింది. ఇది జన్యు పరీక్ష చేయించుకుని, డాక్టరు సలహాతోనే వాడాల్సిన మందు. కొరియాలో తొలిదశ జీర్ణాశయ క్యాన్సర్‌ను ఎండోస్కోపీతో తీసేశాక హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను నిర్మూలించినవారిలో కొత్త క్యాన్సర్ పుట్టడం 13 నుంచి 7 శాతానికి దిగింది.

పెద్దపేగు క్యాన్సర్ తర్వాత నిర్ణీత వ్యవధిలో చేసే సీఈఏ రక్తపరీక్ష, సీటీ స్కాన్, కొలొనోస్కోపీల ఉద్దేశం తిరగబెట్టిన జబ్బును ఇంకా తీయగలిగే స్థితిలో పట్టుకోవడం. కాలేయానికి పాకిన గడ్డలను పూర్తిగా తీయగలిగినవారిలో పదిమందిలో సుమారు నలుగురు ఐదేళ్లు దాటుతున్నారు. తీయడానికి వీలుకాని గడ్డలున్న, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులకు కాలేయ మార్పిడి చేసి చూసిన ఫ్రాన్స్ అధ్యయనం 2024లో వెలువడింది. మార్పిడితో పాటు కీమో కేటాయించినవారిలో ఐదేళ్ల మనుగడ 57 శాతం. కీమో ఒక్కటే కేటాయించినవారిలో 13 శాతం.